చిన్న కంపెనీ ఆటోమేటిక్ వాచీ: అనంతపురంలో ఉండేవాళ్ళు లోపలి మిషను చూసి కొనండి

సంక్రాంతికి బెంగళూరు నుంచి వచ్చిన మా మేనల్లుడు భోజనాలు కాకముందే ఫోను నా ముందుకు తోశాడు. మూడు వాచీల ఫోటోలు. మూడూ మన సుభాష్ రోడ్డులో ఏ షాపులోనూ కనపడని చిన్న కంపెనీలవి, మూడూ సెల్లు లేకుండా నడిచేవి. "మామా, 60 వేలు పక్కన పెట్టుకున్నా. ఈటిల్లో ఏది తీసుకుందాం?" అన్నాడు. డయలు రంగుల గురించి పది నిమిషాలు చెప్పాడు. అంతా విని, "వెనక మూత తీస్తే లోపల ఏం మిషనుంది?" అని అడిగా. తెలియదన్నాడు. మూడింటిలో ఒకదాని రేటు మిగతావాటికి రెట్టింపు ఎందుకుందో కూడా తెలియదు.

ఆ మధ్యాహ్నం వాడికి చెప్పిందే ఇది. చిన్న కంపెనీ వాచీ కొనేటప్పుడు ముందు మిషనును ఎంచుకోవాలి, కంపెనీ ఆ తర్వాత. మరీ ముఖ్యంగా మనలాంటి ఊళ్ళో ఉండేవాళ్ళు.

చిన్న కంపెనీ అనగానే ఒక మాట. ఫిలిప్ డుఫూర్ లాంటి స్విస్ పనివాళ్ళు సొంత చేతులతో ఏడాదికి కొద్ది వాచీలు చేస్తారు. వాళ్ళూ స్వతంత్రులే, కానీ ఆ ధరల్లో టౌన్లో ఇల్లే కొనుక్కోవచ్చు. నేను చెప్పేది మనం అందుకోగలిగేవాటి సంగతి. న్యూయార్కులో ఒక భార్యాభర్తలు 2018లో మొదలుపెట్టిన లోరియర్, పారిస్‌లో 2017లో జనం దగ్గర ముందుగా డబ్బు పోగుచేసి పుట్టిన బాల్టిక్, మన పక్కనే బెంగళూరులో ఇంకో జంట 2018లో పెట్టిన బెంగళూరు వాచ్ కంపెనీ, పాత నాణేలను డయల్లో పొదిగే జైపూర్ వాచ్ కంపెనీ, ఇలాంటివి. డిజైను వీళ్ళది. డబ్బా (మిషనును పట్టి ఉంచే బయటి ఒళ్ళు), డయలు, ముళ్ళు చాలావరకు బయటి ఫ్యాక్టరీల్లో చేయిస్తారు, ఎక్కువ కంపెనీలకు అది చైనాలోనే. మిషను జపాన్ నుంచో స్విట్జర్లాండ్ నుంచో కొంటారు. "అంటే వీళ్ళు చేసేదేముంది?" అన్నాడు మావాడు. ధర్మవరంలో పట్టు ఒకరు నేస్తారు, రవిక ఇంకొకరు కుడతారు. కుట్టు కుదరకపోతే పట్టు ఎంత మంచిదైనా ఏం లాభం? ఈ కంపెనీల పని ఆ కుట్టుపనే.

ఇక మిషను సంగతి.

మన ఇళ్ళల్లో మిషను వాచీ అంటే హెచ్ఎంటీ. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో మొదలైంది. జనతా, పైలట్ మోడళ్ళు లేని వీధి ఉండేది కాదు. జనతాలో 17 రాళ్ళు (లోపలి ఇరుసులు అరగకుండా పెట్టే చిన్న కెంపులు), గంటకు 18,000 కొట్లు, అంటే సెకనుకు 5 టిక్కులు. పొద్దున్నే కీ ఇస్తే మర్నాటి పొద్దుటిదాకా భేషుగ్గా నడిచేది. 2016లో కేంద్రం హెచ్ఎంటీ వాచీల విభాగాన్ని మూసెయ్యాలని నిర్ణయించింది. అయినా ఈరోజుకీ పాతూరులో భాయ్ కొట్టుకు జనతా తీసుకుపోతే, ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని మాట్లాడుతూనే విప్పేస్తాడు. ఆ చేతులకు ఆ మిషను అంత అలవాటు. నేను కొనే ప్రతి కొత్త వాచీకీ నా కొలబద్ద ఇదే: దీన్ని భాయ్ విప్పగలడా, విప్పినా సామాను దొరుకుతుందా?

ఈ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. ఆరేళ్ళ కిందట ఒక విదేశీ చిన్న కంపెనీకి ముందుగా డబ్బు కట్టి వాచీ తెప్పించుకున్నా. చెప్పిన గడువుకు అయిదు నెలలు ఆలస్యంగా వచ్చింది. పద్నాలుగో నెలలో ఆగిపోయింది. మెయిలు మీద మెయిలు పెట్టినా జవాబు లేదు. కొన్నాళ్ళకు ఆ వెబ్‌సైటే తెరుచుకోలేదు. భాయ్ మూత తీస్తే రోటర్ (చెయ్యి ఆడితే తిరిగి స్ప్రింగును ఎక్కించే బరువు రేకు) స్క్రూ ఊడి లోపలంతా తిరుగుతోంది, టిక్ టిక్‌మని ఊగే బ్యాలెన్స్ చక్రం దగ్గర ఇరుక్కుని ఆగింది. లోపలున్నది జపాన్ సీకో కంపెనీ మిషను, ఎన్‌హెచ్35. భాయ్ దాన్ని రిపేరు చెయ్యలేదు. "సర్వీసుకు పెట్టే డబ్బుల్లో కొత్త మిషనే వస్తాది" అని అదే రకం కొత్తది తెప్పించి, పాత డయలు, పాత ముళ్ళు దానికి పెట్టి గంటలో ఇచ్చేశాడు. కంపెనీ పోయింది కానీ వాచీ ఇవ్వాళ్టికీ నడుస్తోంది. అదే ఏడాది కొన్న ఇంకో వాచీ, స్టాప్‌వాచ్ ఉన్నది, మొరాయిస్తే ఏడాదిన్నర బీరువాలో పడుకుంది. దాన్ని ముట్టుకునే మనిషి బెంగళూరులో దొరికేదాకా అంతే.

కాబట్టి ఎన్‌హెచ్35తో మొదలుపెడదాం. చిన్న కంపెనీల్లో ఎక్కడ చూసినా ఇదే కనిపిస్తుంది. 24 రాళ్ళు, గంటకు 21,600 కొట్లు, పూర్తిగా ఎక్కితే 41 గంటలు నడుస్తుంది. చేత్తో కీ ఇవ్వొచ్చు. కీ లాగితే సెకను ముల్లు ఆగుతుంది, అంటే సెకనుతో సహా టైము కలుపుకోవచ్చు. రోటర్ ఎటు తిరిగినా స్ప్రింగు ఎక్కుతుంది. చెయ్యి పెద్దగా ఆడించని ఆఫీసు ఉద్యోగులకు ఇది పనికొచ్చే గుణం. లోపాలు రెండు. రోజుకు 20 సెకన్లు వెనక నుంచి 40 సెకన్లు ముందు దాకా తేడా ఉండొచ్చని తయారుచేసినవాళ్ళే చెప్తారు. ఆచరణలో చాలావాటికి అంత ఉండదు, ఉంటే మాత్రం వారంటీలో అడిగే వీల్లేదు. రెండోది మందం. మిషనే 5.32 మిల్లీమీటర్లు. దాని మీద డయలు, గ్లాసు, కింద మూత కలిస్తే వాచీ 12, 13కు పోతుంది. ఫుల్ చేతుల చొక్కా కఫ్ కిందకు దూరదు.

ఇంకో చిన్న పరీక్ష ఉంది. తేదీ కిటికీ లేని డయలు కింద తేదీ ఉన్న ఎన్‌హెచ్35నే పెట్టేస్తారు కొందరు. అప్పుడు కీ లాగితే మధ్యలో ఏ పనీ చెయ్యని ఒక ఖాళీ క్లిక్కు తగులుతుంది. తేదీ లేని వాచీలకని ఎన్‌హెచ్38 వేరే ఉంది. అది పెట్టినవాళ్ళు కాస్త శ్రద్ధ ఉన్నవాళ్ళని నా లెక్క. కొనేముందు ఈ ఒక్క ప్రశ్న మెయిల్లో అడగండి. జవాబు ఎంత త్వరగా, ఎంత సూటిగా వస్తుందో చూస్తే కంపెనీ సంగతి కూడా సగం తెలిసిపోతుంది.

దీనికి పై మెట్టు మియోటా 9 సిరీస్. మియోటా అంటే సిటిజన్ వాళ్ళదే, మన జనతాకు ప్రాణం పోసిన ఇంటిదే. ఆ వంశం తెలిసిన భాయ్‌కు దీని పేరు చెప్తే మొహం వెలుగుతుంది. తేదీ ఉన్నది 9015, లేనిది 9039. గంటకు 28,800 కొట్లు, సెకనుకు 8, అందుకే సెకను ముల్లు గెంతకుండా జారుతున్నట్టు కనపడుతుంది. 42 గంటలు నడుస్తుంది. కంపెనీ చెప్పే హద్దు రోజుకు 10 సెకన్లు వెనక, 30 ముందు. అసలు ఆకర్షణ మందం: 3.9 మిల్లీమీటర్లు. ఎన్‌హెచ్35కూ దీనికీ తేడా మిల్లీమీటరున్నరకు దగ్గర. వినడానికి ఏముందిలే అనిపిస్తుంది, కట్టుకుంటే తెలుస్తుంది. బాల్టిక్ వాళ్ళ ఆక్వాస్కేఫ్‌లో ఉన్నది ఈ రకమే, లోరియర్ వాళ్ళూ ఈ కుటుంబాన్నే వాడతారు.

దీని లోపం చెవికి వినిపిస్తుంది. రోటర్ ఒకవైపు తిరిగినప్పుడే స్ప్రింగు ఎక్కుతుంది, రెండోవైపు పట్టు లేకుండా గిర్రున తిరుగుతుంది. చెయ్యి విదిలిస్తే ఆ గిరగిర మణికట్టుకు తగులుతుంది, నిశ్శబ్దంగా ఉన్న గదిలో వినపడుతుంది కూడా. కొందరికి అది చిరాకు. నాకు ముద్దు. మొదటిసారి విన్నవాళ్ళు ఏదో ఊడిందని బెంబేలెత్తి ఫోను చేస్తారు, ఊడలేదు.

మూడోది స్విస్ సెల్లిటా ఎస్‌డబ్ల్యూ200. దీని వెనక కథ ఒకటుంది. స్విస్ కంపెనీల్లో చాలావాటికి అప్పట్లో మిషన్లు అమ్మిన ఈటీఏ, స్వాచ్ అనే పెద్ద స్విస్ గ్రూపుది. బయటివాళ్ళకు సరఫరా తగ్గిస్తామని 2002లో స్వాచ్ ప్రకటించేసరికి అందరూ కంగారు పడ్డారు. అంతవరకు ఈటీఏ సామాను బిగించి ఇచ్చే పని చేసిన సెల్లిటా, హక్కుల గడువు తీరిన ఈటీఏ 2824 నమూనాతోనే సొంతంగా తయారుచెయ్యడం మొదలుపెట్టింది. 26 రాళ్ళు, 28,800 కొట్లు, 4.6 మిల్లీమీటర్ల మందం. పాత 2824 తెలిసిన ఏ మంచి పనివాడైనా దీన్ని విప్పగలడు. అలాంటి పనివాళ్ళు బెంగళూరులో ఉన్నారు, అనంతపురంలో నాకు కనపడలేదు. టైము పట్టింపు ఉన్నవాళ్ళకు మూడింటిలో ఇదే మేలు. కానీ రోజూ చేత్తో కీ తిప్పే అలవాటుంటే దీన్ని వద్దంటాను. పదేపదే చేత్తో ఎక్కిస్తే లోపలి పళ్ళచక్రం అరుగుతుందని దీని మీద పాత ఫిర్యాదు. ఆగిపోయినప్పుడు ఓ ఇరవై చుట్లు తిప్పి చేతికి కట్టేసుకోవడమే మంచిది.

చైనా సీగల్ ఎస్‌టీ19 గురించి ఒక్క మాటే. స్విస్ వీనస్ 175 నుంచి వచ్చిన, కీ ఇచ్చే స్టాప్‌వాచ్ మిషను. వెనక గాజు మూతలోంచి చూస్తే కళ్ళు తిప్పుకోలేం. తక్కువలో అంత అందం ఇంకెక్కడా దొరకదు. బీరువాలో ఏడాదిన్నర పడుకున్నది ఇదే. రెండో వాచీగా కొనుక్కోండి, మొదటిదిగా వద్దు.

ఇప్పుడు డబ్బు. మావాడు చూసిన వాచీల్లో రెండు విదేశాలవి, 500 డాలర్లకు అటూఇటూ. డాలర్లను రూపాయల్లోకి మార్చి 60 వేలల్లో ఇంకా మిగులుతుందని సంబరపడ్డాడు. కస్టమ్స్ సుంకం, దాని మీద సెస్సు, ఆ మొత్తం మీద ఐజీఎస్టీ (దిగుమతి సరుకు మీద జీఎస్టీ), వెరసి అప్పటి లెక్కన నలభై శాతానికి అటూఇటూ పైన పడేది. కొరియర్ కుర్రాడు గుమ్మంలో నిలబడి ఆ డబ్బు అడిగేదాకా చాలామందికి గుర్తుకురాదు. స్విట్జర్లాండ్‌తో మన దేశానికి 2025 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉన్న వాణిజ్య ఒప్పందంతో స్విట్జర్లాండ్ వాచీల మీద సుంకం అంచెలుగా తగ్గుతుంది, నిజమే. అది స్విట్జర్లాండ్‌లో తయారైన వాచీకి. లోపల స్విస్ మిషను పెట్టుకున్న పారిస్ కంపెనీకి కాదు.

మన దేశపు కంపెనీ అయితే చూపించిన రేటే కట్టే రేటు. బిల్లు ఉంటుంది, వారంటీ కోసం పార్శిల్ దేశం దాటక్కర్లేదు. విదేశానికి రిపేరుకు పంపితే పోయేటప్పుడు కాగితాలు సరిగా రాయించుకోవాలి, లేకపోతే మన వాచీకే తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ పన్ను అడుగుతారు. బెంగళూరు వాచ్ కంపెనీది ఇంకో సౌకర్యం, మనకు బస్సులో నాలుగైదు గంటల దూరం. కాకపోతే వాళ్ళ స్విస్ మిషను వాచీలు మావాడి 60 వేలను దాటిపోతాయి. మావాడు రెట్టింపు రేటని చూపించింది అదే. జైపూర్ వాళ్ళవి నాకు చాలా ఇష్టం, డయల్లో నిజం నాణెం అంటే మాటలా! అయితే కొనేముందు ఆ మోడలు ఆటోమేటిక్కా, సెల్లుదా అని చూసుకోండి, రెండు రకాలూ ఉన్నాయి.

తిరిగి అమ్మితే ఎంతొస్తుందని అడిగాడు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. ఈ చిన్న కంపెనీల వాచీకి మన జిల్లాలో కొనేవాడు దొరకడం వానలో తడిసిన చెనక్కాయకు గిరాకీ దొరికినట్టే. కొన్ని మోడళ్ళు నిమిషాల్లో అయిపోయి పై రేటుకు చేతులు మారతాయి, అది లాటరీ, దాన్ని నమ్ముకుని కొనొద్దు.

మన ఎండ, దుమ్ము గురించి ఏ విదేశీ సమీక్షకుడూ రాయడు కాబట్టి నేనే రాయాలి. మే నెలలో బండి ట్యాంకు మీదో కారు డ్యాష్‌బోర్డు మీదో వాచీ పెట్టి మర్చిపోతే లోపలి నూనె, రబ్బరు వాషర్లు రెండూ పాడవుతాయి. తోలు బెల్టు ఉగాదికి కొంటే వినాయకచవితికి చెమట కంపు కొడుతుంది. స్టీలు చైనో రబ్బరు బెల్టో ఉన్నది తీసుకోండి. చైను మధ్యలో వెంట్రుకలు పీకేదైతే ఇంకోటి మార్చుకోవడానికి బెల్టు వెడల్పు 20 మిల్లీమీటర్లు ఉండేలా చూసుకోండి, ఆ కొలత బెల్టులు ఎక్కడైనా దొరుకుతాయి. నాకు తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీ నడిపే స్నేహితుడున్నాడు. రోజంతా రాతిపొడి, నీళ్ళు. ఆయనకు నేను చెప్పింది వేరే: ఎన్‌హెచ్35, మర బిగించే కీ, 200 మీటర్ల నీటి తట్టు, గీతలు పడని నీలమణి గ్లాసు. మందం ఆయనకు లెక్కలోకి రాదు, ఆయనది పహిల్వాన్ చెయ్యి. పాడైతే మిషను మార్చేయడమే. 50 మీటర్లని రాసినదాన్ని కట్టుకుని బావిలోకి దూకొద్దు, అది తడికీ నెమ్మదైన ఈతకూ చాలు, దూకుడు దెబ్బకు కాదు. లోరియర్ వాళ్ళు పాత వాచీల అందం కోసం ప్లాస్టిక్ గ్లాసు వాడతారు. పాలిష్ పెడితే దాని గీతలు పోతాయి కానీ తాడిపత్రికి మాత్రం పనికిరాదు.

ఇంకొకటి అయస్కాంతం. ఫోను కవరు మూతలో, స్పీకర్లో, ఇండక్షన్ పొయ్యిలో ఉంటుంది. వాచీ ఉన్నట్టుండి రోజుకు నిమిషాలకు నిమిషాలు ముందుకు పరిగెత్తితే రిపేరుకు పరిగెత్తకండి. బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే సన్నటి హెయిర్ స్ప్రింగుకు అయస్కాంతం పట్టి ఉంటుంది. దాన్ని తీసే చిన్న పెట్టె కొన్ని వందల రూపాయలకు వస్తుంది, రెండు నిమిషాల పని.

సైజు విషయంలో ఫోటోలను నమ్మొద్దు. దారంతో మణికట్టు కొలుచుకోండి. డబ్బా వెడల్పు కంటే, బెల్టు బిగించే కొమ్ముల్లో పైకొమ్ము నుంచి కిందికొమ్ము దాకా ఉండే పొడవే అసలు కొలత. అది మణికట్టు అంచులు దాటితే వాచీ చేతి మీద పల్లెంలా కూర్చుంటుంది. మావాడిది ఆరుంపావు అంగుళాల చెయ్యి. వాడు మోజుపడ్డ 42 మిల్లీమీటర్ల డైవింగ్ వాచీ అక్కడితో లిస్టులోంచి పోయింది. మొహం చిన్నబుచ్చుకున్నాడు.

బెంగళూరుది రేటుతోనే పోయింది. మిగిలింది మియోటా 9039 ఉన్న 39 మిల్లీమీటర్లది ఒకటి, దానికి పోటీగా నేను చూపించిన మన దేశపు ఎన్‌హెచ్35 ఒకటి. రెండోదాని రేటు మొదటిదానిలో సగం కూడా లేదు. ఇక్కడే నేను కాసేపు ఆగాను. అనంతపురంలోనే ఉండేవాడైతే కళ్ళు మూసుకుని రెండోది కొనమనేవాణ్ణి. మిగిలిన డబ్బులో రెండు వేలు పెట్టి మంచి జనతా ఒకటి వెతుక్కోమనేవాణ్ణి, అది కూడా ఆన్‌లైన్లో మెరిసిపోయే రంగు డయళ్ళవి కాదు, అవి చాలావరకు మళ్ళీ రంగేసినవి. ఇంటి బీరువాల్లో పడున్నవాటిని అడిగి తెచ్చుకోవాలి. కానీ వీడు బెంగళూరులో ఉండేవాడు, రోజూ ఫుల్ చేతుల చొక్కా, సన్న చెయ్యి. పలచటి మిషనే వీడికి నప్పుతుంది. కస్టమ్స్‌తో కలిపి 60 వేలు కొంచెం దాటింది, ఆ కొంచెం నేనే వేశాను. వాళ్ళమ్మకు చెప్పొద్దన్నాను.

వాచీ వచ్చాక మొదటి పదిరోజులు ఏం చెయ్యాలో కాగితం మీద రాసిచ్చాను. పెట్టె తీస్తూ వీడియోలు కాదు. పొద్దున ఒకే వేళకు ఫోను టైముతో కలిపి చూసి సెకన్ల తేడా రాసుకోవడం. రాత్రి ఎలా పడుకోబెట్టాడో, డయలు పైకా, కీ పైకా, పక్కనే రాసుకోవడం. వాచీ ఒక్కో భంగిమలో ఒక్కో వేగంతో నడుస్తుంది, ఏ భంగిమలో నెమ్మదిస్తుందో తెలిస్తే పగలు పెరిగిన తేడాను రాత్రి సరిచేసుకోవచ్చు. శనివారం చేతికి కట్టుకోకుండా పక్కన పెట్టి ఎన్ని గంటలకు ఆగిందో చూడ్డం. తేదీ ఉన్న వాచీ అయితే రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 3 మధ్యలో కీతో తేదీ మార్చకపోవడం, ఆ వేళలో పళ్ళు పట్టుకుని ఉంటాయి, విరుగుతాయి. కీ లాగినప్పుడు ముళ్ళు ఎగరకూడదు. అంకెలూ ముళ్ళూ భూతద్దంలో చూస్తే అంచులు గరుగ్గా ఉండకూడదు. తిప్పి పంపే గడువులోపలే ఇవన్నీ తేలిపోవాలి.

పదకొండో రోజు రాత్రి ఫోను చేశాడు.

"మామా, రోజుకు 7 సెకన్లు ముందుకు పోతాంది. పంపించేద్దామా?"

"దేనికి? రాత్రిపూట ఎట్ల పెడతాండావు?"

"డయలు పైకి."

"ఈ రాత్రి కీ పక్క పైకి పెట్టి నిలబెట్టు. పొద్దున చూసి చెప్పు."